కామాలు పెట్టిన నంబరు, జీఎం గారి గొంతు

ఈమధ్య మా బంధువుల అమ్మాయికి ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఏం పని అని అడిగితే "కాలర్ ఎక్స్‌పీరియన్స్" అంది. నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగితే, బయటివాళ్లు ఎవరైనా కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు ఏ బటన్ నొక్కితే ఏ రికార్డు వినపడాలో అమర్చడమని చెప్పింది. అంటే నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చేసిన పనే. కాకపోతే నేను ఫోన్ ఎత్తేదాన్ని. ఆ అమ్మాయి ఎవరూ ఎత్తకుండా చూసుకుంటుంది.

ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ శాలువా కప్పారు అన్నవి రాయను. ఆ శాలువాలు మా ఇంట్లో కుర్చీల మీద దుమ్ము పడకుండా కాపాడుతున్నాయి. వాటి వల్ల జరిగిన మేలు అంతే.

పని నేర్పిన మనిషి

డిగ్రీ అయ్యాక జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. అక్కడ చీఫ్ ఆపరేటర్ సరోజగారు. ఆవిడకు నవ్వడం రాదు, మెచ్చుకోవడం అసలే రాదు. చేరిన మొదటి రోజు నేను గొంతు తియ్యగా మార్చి "గుడ్ మార్నింగ్, మే ఐ నో హూ ఈజ్ కాలింగ్" అని పాటలా అప్పజెప్పాను. ఆవిడ నా చేతిలోంచి రిసీవర్ లాక్కుంది.

"అవతలి మనిషి గొంతు వణుకుతుంటే పేరూ ఊరూ అడగకు. ముందు లైన్ కలుపు. పేరు తర్వాత వాళ్లే చెప్పుకుంటారు" అంది.

ఇంతకుమించి శిక్షణ ఏదీ ఇవ్వలేదు. తర్వాత నేను హాజరైన శిక్షణా శిబిరాలన్నింటిలో కలిపి కూడా ఇంత పనికొచ్చే మాట వినలేదు. అక్కడ నేర్పింది ఎక్కువగా చిరునవ్వు గురించి. చిరునవ్వు ఫోన్లో వినపడుతుందట. వినపడుతుందేమో గాని, చెయ్యి తెగి రక్తం కారుతున్నవాడికి దానితో పనిలేదు.

జీడిమెట్ల తర్వాత తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీకి మారాను. ఫ్యాక్టరీ, ల్యాబులు ఒకే ప్రాంగణంలో ఉండేవి. ఫోన్ల వ్యవస్థ మొత్తం నా కింద ఉండేది. నా ఇల్లు మేడ్చల్‌లో. రోజూ కంపెనీ క్యాబ్‌లో వెళ్లి వచ్చేదాన్ని. నేను చెప్పబోయేది అక్కడి సంగతే. అంతకంటే ముందు కామా గురించి చెప్పాలి.

కామా అంటే ఏమిటి

ఒక కంపెనీకి ఒకే పెద్ద నంబరు ఉంటుంది. లోపల గది గదికీ ఒక చిన్న నంబరు. పెద్ద నంబరు కలిశాక చిన్న నంబరు నొక్కాలి. ఈ రెండింటినీ కలిపి మొబైల్లో ఒకే పేరు మీద దాచుకోవచ్చు. పెద్ద నంబరు రాసి, కామా పెట్టి, చిన్న నంబరు రాయాలి. అప్పుడు ఫోన్ పెద్ద నంబరు కలిశాక రెండు సెకన్లు ఆగి, మిగతా అంకెలు తనే నొక్కుతుంది. ఇంకాసేపు ఆగాలంటే ఇంకొన్ని కామాలు పెట్టాలి. కామాకు బదులు సెమికోలన్ పెడితే అక్కడే నిలబడిపోయి "మిగతావి పంపనా?" అని అడుగుతుంది. మనం సరే అంటేనే పంపుతుంది. మొదటిది పాజ్, రెండోది వెయిట్. నంబరు దాచేచోట మూడు చుక్కలు నొక్కితే ఈ రెండూ కనిపిస్తాయి. పాత బటన్ ఫోన్లలో స్టార్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కితే వచ్చేవి.

ఇంతే సంగతి. దీన్ని నేర్చుకోవడానికి కాఫీ తాగేంత సేపు పట్టదు. అయినా చేతిలో కారు ఖరీదు చేసే ఫోన్ పెట్టుకున్నవాళ్లకు కూడా ఇది తెలియదు. తెలిసినవాళ్లలో సగం మంది తెలియనివాళ్లకంటే ప్రమాదకరం.

మా వీధిలో జంగారెడ్డి అని ఉన్నాడు. ముందు పొలాలు, తర్వాత ప్లాట్లు, ఇప్పుడు వార్డు రాజకీయాలు. ఎవరో నేర్పితే బ్యాంకు సహాయ కేంద్రం నంబరు దాచుకున్నాడు. కామా తర్వాత భాష కోసం అంకె, ఇంకో కామా తర్వాత తన కార్డు నంబరు, ఇంకో కామా తర్వాత రహస్య అంకెలు. ఒక్క బటన్ నొక్కితే బ్యాంకు అతని గుట్టంతా వినేస్తుంది. ఆ తెలివికి మురిసిపోయి, ఎవరో బ్యాంకు నంబరు అడిగితే ఆ కాంటాక్టును ఉన్నదున్నట్టు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. నేను చూసి పరుగున వాళ్లింటికి వెళ్లాను.

"జంగన్నా, నీ పిన్ను అందరికీ పంపినవ్."

"నేనెందుకు పంపుత? నేను బ్యాంకు నంబర్ పంపిన."

"కామా తర్వాత చూడు."

చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. తేరుకుని, "మన గ్రూపుల అందరు మంచోళ్లే గదా" అన్నాడు. ఎన్నికల్లో నిలబడేవాడు అలాగే అనాలి. అని, లోపలికి వెళ్లి కార్డు బ్లాక్ చేయించాడు. మీరు నేర్చుకోవలసింది ఒకటే. కామా తర్వాత గది నంబరు దాచుకోండి, రహస్యం దాచకండి.

బోర్డు పోయింది, గొంతు వచ్చింది

తుర్కపల్లి కంపెనీకి కొత్త జీఎంగా ప్రసాదరావు గారు వచ్చారు. పరిపాలనంతా ఆయన చేతిలో. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే జాగ్రత్తగా ఉండేవాళ్లం. ఆయనకు తన గొంతంటే ఇష్టం, తన ఆలోచనలంటే ఇంకా ఇష్టం. వచ్చీ రాగానే ఆపరేటర్ల బోర్డు తీసేయించి ఆ స్థానంలో యంత్రం పెట్టించారు. ఇద్దరు ఆపరేటర్లను పంపించేశారు. నన్ను మాత్రం యంత్రాన్ని చూసుకోమని ఉంచారు.

యంత్రం ముందు ఇంగ్లిష్‌లో, తర్వాత హిందీలో, చివర తెలుగులో పలికేది. మందులు కొనేవాళ్లు ఒకటి నొక్కాలి, ఉద్యోగం కావలసినవాళ్లు రెండు, వాటాదారులు మూడు, సరుకు సప్లయి చేసేవాళ్లు నాలుగు. ఎవరితోనైనా మాట్లాడాలంటే సున్నా. ప్రమాదాలు చూసుకునే సేఫ్టీ రూమ్ అందులో లేదు.

"సార్, సేఫ్టీ రూమ్‌కు వేరే నంబరు ఇప్పించండి. మధ్యలో యంత్రం లేకుండా నేరుగా మోగాలి" అని అడిగాను.

"సుజాతగారూ, అన్ని కాల్సూ ఒకే గుమ్మంలోంచి రావాలి. అది బ్రాండు. ఇల్లన్నాక దొడ్డిదారి ఉంటే గుమ్మానికి విలువేముంటుంది?" అన్నారు.

ఇంటికి నిప్పంటుకుంటే దొడ్డిదారే దిక్కని ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. చెప్పినా రాసుకుని ఏదో ఉపన్యాసంలో వాడుకునేవారు.

మరో ఆజ్ఞ కూడా జారీ చేశారు. స్వాగత వాక్యం పూర్తయ్యేదాకా ఎవరు ఏ బటన్ నొక్కినా యంత్రం పట్టించుకోకూడదట. మన కంపెనీ పేరు మధ్యలో తెగిపోవడం మర్యాద కాదట. మామూలు యంత్రాలకు ఉండే తెలివిని మేము పట్టుబట్టి తీసేయించాం.

దాంతో క్యాబ్ డ్రైవర్లకు ఇబ్బంది వచ్చింది. మా దగ్గర మొబైళ్లు గేటు దగ్గరే వదిలి లోపలికి వెళ్లాలి. కాబట్టి బయట ఉన్న డ్రైవర్ లోపలివాళ్లతో మాట్లాడాలంటే ఆ పెద్ద నంబరు తప్ప దారి లేదు. డ్రైవర్లలో యాదగిరి అని ఒకతను ఉండేవాడు. వాళ్లది లాల్‌గడి మలక్‌పేట్. ఉన్న పొలం ప్లాట్ల కింద పోతే కారు కొనుక్కుని మా కంపెనీకి పెట్టాడు. అతనే వచ్చి అడిగాడు.

"మేడం, బండి నడుపుకుంట ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటే ఎట్ల నొక్కాలె? స్టీరింగ్ వట్టుకోవాల్నా, ఫోన్ వట్టుకోవాల్నా?"

అతను అడిగింది న్యాయం. దారిలో ఏదైనా జరిగితే చెప్పాల్సింది సేఫ్టీ రూమ్‌కే. అప్పుడు డ్రైవర్లందరి ఫోన్లలో "సేఫ్టీ" అని ఒక పేరు పెట్టి, పెద్ద నంబరు, స్వాగతానికి సరిపడా కామాలు, సేఫ్టీ రూమ్ నంబరు కలిపి దాచాను. పేరు మీద ఒక్కసారి తాకితే చాలు, మిగతాది ఫోనే చూసుకుంటుంది. అప్పట్లో స్వాగతం చిన్నది. నా సొంత ఫోన్లో మాత్రం కామా కాకుండా వెయిట్ పెట్టుకున్నాను. నేను బండి నడపను, నా చెయ్యి ఖాళీగానే ఉంటుంది.

పని పూర్తయ్యాక జీఎం గారికి ఒకటే మాట చెప్పాను. "సార్, డ్రైవర్ల ఫోన్లు ఈ స్వాగతం ఎంతసేపు ఉందో దానికి సరిపోయేలా ఉన్నాయి. ఇది మారిస్తే అవన్నీ తప్పుతాయి. మార్చేముందు నాకు చెప్పండి."

"తప్పకుండా" అన్నారు. తలూపారు కూడా. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు తలూపితే వాళ్లు విన్నారని అనుకోకండి. అది మెడకు వ్యాయామం.

స్వాగతం మారింది

కంపెనీకి ఏదో అవార్డు వచ్చింది. ఎవరిచ్చారో, దేనికిచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ సంతోషంలో ప్రసాదరావు గారు యంత్రం పెట్టినవాళ్లకు నేరుగా ఫోన్ చేసి స్వాగతం మార్పించారు. వెనక వీణ, ముందు ఆయన గొంతు. వాళ్లు తమ ఆఫీసులోనే కూర్చుని మార్చేశారు. నాకు ఎవరూ చెప్పలేదు. లోపలి ఫోన్ల మీద మాట్లాడుకునేవాళ్లకు స్వాగతం వినపడదు గనక మాలో ఎవరికీ తెలియలేదు.

ల్యాబులో గిన్నెలూ సీసాలూ కడిగే పనికి కాంట్రాక్టు మీద కొందరు ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లలో రేణుక ఒకామె. శామీర్‌పేట మనిషి. భర్త చెరువులో చేపలు పడతాడు. ఒక రోజు ఉదయం ల్యాబులో ఒక కెమిస్టు ఏదో పరీక్ష చేసి, అడుగున కొంచెం మిగిలి ఉన్న ప్లాస్టిక్ బీకరును చీటీ కూడా అతికించకుండా కడిగే తొట్టిలో పెట్టి వెళ్లిపోయాడు. బాగా చదువుకున్నవాడు. చదువులో మొదటి పాఠమే అది, చీటీ అతికించమని.

రేణుక దాన్ని కడిగింది. గ్లవ్స్ వేసుకుంది గాని కుడిచేతి వేళ్ల దగ్గర అవి చిరిగి ఉన్నాయి. కొత్తవి అడిగితే వస్తాయన్నారట. చెయ్యి తడిసింది. ఏమీ కాలేదు. మంట లేదు, మచ్చ లేదు. పనంతా ముగించుకుని సాయంత్రం మిగతావాళ్లతో కలిసి యాదగిరి బండి ఎక్కింది.

ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. మేడ్చల్ మార్కెట్లో గోంగూర కట్టలు ఎంచుకుంటుంటే ఫోన్ మోగింది. యాదగిరి.

"మేడం, మన రేణుక చెల్లె చెయ్యి కాలుతాందని ఒక్కతీరుగ మొత్తుకుంటాంది. శామీర్‌పేట రాకముందుకెల్లే షురువైంది. ఇంటికాడ దించకుంట సీదా దవాఖానకు తీస్కొచ్చిన. డాక్టర్ సారు ఏం యాసిడ్ వడ్డదని అడుగుతుండు. గీమెకు ఎర్కలేదు. అడుగున ఏదో మిగిలిన ప్లాస్టిక్ గిన్నె కడిగిన అంటాంది, అంతే."

"సేఫ్టీకి చెయ్యలేదా?"

"ఎప్పటిసంది చేస్తున్న మేడం! వీణ వాయిస్తుండ్రు. ఎవరో సారు అవార్డు గురించి చెప్తనే ఉన్నడు. అయినంక నేను నొక్కింది యాడ వోతాందో ఏమో, మందులు కొంటరా అని అడుగుతాంది. సున్నా నొక్కితే మోగుతాంది గని ఎవ్వరు ఎత్తుతలేరు. బయట కూసున్నది, చెల్లె ఏడ్పు మీకు ఇనొస్తలేదా?"

వినపడుతోంది. ఫోన్లోంచే వినపడుతోంది. బతికున్న మనిషి అలా అరవడం నేను జీడిమెట్లలో ఒకసారి విన్నాను, మళ్లీ అప్పుడే విన్నాను.

యాదగిరి ఫోన్ ఏం చేస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. నేను పెట్టిన కామాలు అయిపోగానే అది సేఫ్టీ రూమ్ అంకెలు నొక్కేస్తోంది. అప్పటికింకా జీఎం గారి మాటలు పూర్తి కావడం లేదు. ఆయన మాట్లాడుతుండగా నొక్కినవేవీ యంత్రానికి లెక్కలేదు. ఆ అంకెలు గాలికి పోతున్నాయి. లోపలి నంబరు అతనికి విడిగా తెలియదు, అది ఫోనే నొక్కేది.

"నువ్వు అక్కడే ఉండు, నేను చేస్త" అని పెట్టేసి, నా ఫోన్లో సేఫ్టీ నొక్కాను. వీణ మోగింది. కూరగాయల తోపుడు బండి పక్కన నిలబడి, మా జీఎం గారి నోట మా కంపెనీ ఘనతను మొదటిసారి విన్నాను. "మీ విలువైన సమయాన్ని మాకు కేటాయించినందుకు..." అని మొదలై, అవార్డు దాటి, మానవాళి ఆరోగ్యం దాకా వెళ్లింది. మూడు భాషల్లో. తెలుగు చివర్లో. నాకు ఆయన గొంతు నులిమేయాలనిపించింది. ఫోన్ మాత్రం "మిగతావి పంపనా?" అని అడుగుతూ నిలబడే ఉంది. ఆయన ముగించగానే సరే అన్నాను. మోగింది.

"సేఫ్టీ రూమ్, మాధవి."

మాధవి సేఫ్టీ ఆఫీసర్. చురుకైన పిల్ల. నేను పేరు కూడా చెప్పలేదు. "ల్యాబులో ఈ రోజు ప్లాస్టిక్ బీకరులో ఏం వాడారో కనుక్కో. రేణుక చెయ్యి కాలింది" అన్నాను. "గాజుది కాదా? ప్లాస్టిక్‌దా?" అంది. గొంతు మారిపోయింది. గాజును తినేసే యాసిడ్ ఒకటి ఉంది, హైడ్రోఫ్లోరిక్. అందుకే దాన్ని ప్లాస్టిక్‌లోనే వాడతారు. అది చర్మం మీద పడితే కొన్నిసార్లు అప్పటికప్పుడు ఏమీ తెలియదు. లోపలికి దిగి, గంటల తర్వాత ఎముక దాకా కాలుస్తుంది. దానికి మామూలు కాలిన గాయాల మందు పనిచేయదు, కాల్షియం మందే వేయాలి.

మాధవి పరుగున ల్యాబుకు వెళ్లి ఆ కెమిస్టును పట్టుకుంది. అతను మొదట ఆలోచించాడట, తర్వాత గుర్తు తెచ్చుకున్నాడట, ఆ తర్వాత ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడట. ఆమె అక్కడినుంచే యాదగిరి ఫోన్‌కు చేసి ఆసుపత్రి డాక్టరుకు చెప్పింది. ఆ ఆసుపత్రిలో కాల్షియం ఇంజక్షన్ ఉంది గాని, పూసే జెల్ లేదు. మా ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఉన్న జెల్ తీసుకుని మాధవి కంపెనీ అంబులెన్సులో బయల్దేరింది. నేను మేడ్చల్ నుంచి ఆటోలో వెళ్లేసరికి ఆమె రేణుక చేతిని ఒళ్లో పెట్టుకుని జెల్ రాస్తోంది. యాదగిరి గుమ్మం దగ్గర తువ్వాలతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

రేణుక నన్ను చూసి, "మేడం, నేనేం తప్పు చెయ్యలే. అన్ని మంచిగనే కడిగిన" అంది.

నేను పక్కన కూర్చుని ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాను.

చెయ్యి దక్కింది. చూపుడు వేలి కొస దక్కలేదు. అది తీసేయాల్సి వచ్చింది. ఇంకొంచెం ముందు తెలిసుంటే అని డాక్టరు ఏదో అనబోయి, మా ముఖాలు చూసి ఆపేశాడు.

మీటింగు

తర్వాత విచారణ పెట్టారు. పెద్ద బల్ల, నీళ్ల సీసాలు, జీఎం గారు, ల్యాబు పెద్దలు, మాధవి, నేను. యాదగిరిని కూడా పిలిచారు, సంజాయిషీ ఇవ్వమని. అతను చెప్పులు బయట విడిచి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను అన్నాను. కూర్చోలేదు.

ప్రసాదరావు గారు చాలా శాంతంగా మొదలుపెట్టారు. "చూడు యాదగిరీ, సిస్టమ్ బాగానే ఉంది. స్వాగత సందేశం పూర్తిగా విని, తర్వాత బటన్ నొక్కి ఉంటే సరిపోయేది. నువ్వు కంగారులో పూర్తిగా వినలేదు. అదీ సమస్య."

యాదగిరి తల ఎత్తాడు.

"ఇన్న సార్. మీ గొంతే గదా, గుర్తువట్టిన. మీకు అవార్డు వచ్చిందని మల్ల మల్ల ఇన్న. పక్కన చెల్లె ఏడుస్తుంటె గూడ ఇన్న. గామె మీద ఏం వడ్డదో గా ముచ్చట మాత్రం మీరు చెప్పలె."

ల్యాబు పెద్ద ఒకాయన నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. జీఎం గారు "భావోద్వేగాలు పక్కన పెడదాం" అన్నారు. ఇలాంటి మీటింగుల్లో ఈ మాట వినపడిందంటే వాస్తవాలను కూడా పక్కన పెట్టబోతున్నారని తెలుసుకోండి.

"సార్, ఒక్క పని చేద్దాం. మీ మొబైల్‌ నుంచి మన కంపెనీకి ఫోన్ చేసి సేఫ్టీ రూమ్‌తో మాట్లాడండి. స్పీకర్లో పెట్టండి. మేమూ వింటాం" అన్నాను. పెద్దవాళ్ల మొబైళ్లకు గేటు దగ్గర మినహాయింపు ఉంది మరి.

ఆయన నవ్వి ఫోన్ తీశారు. మొదట వీణ, తర్వాత ఆయన గొంతు. తన గొంతు వింటూ కాసేపు తల పంకించారు కూడా. ఇంగ్లిష్ అయ్యేసరికి పంకించడం ఆగింది. హిందీ అయ్యేసరికి గడియారం చూసుకున్నారు. తెలుగులో మానవాళి ఆరోగ్యం దగ్గరకొచ్చేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆ తర్వాత మందులు కొంటే ఒకటి, ఉద్యోగానికి రెండు. సేఫ్టీ ఏదీ? ఆయనకు లోపలి నంబరు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆయనకు కావలసినవాళ్లను ఆయన పిలిపిస్తారు, ఆయన ఎవరికీ ఫోన్ చేయరు. చివరికి సున్నా నొక్కారు.

తలుపు అవతల ఫోన్ మోగడం మొదలైంది. ఆ గది బయటే పాత ఆపరేటర్ల బల్ల ఉండేది. బల్ల తీయలేదు, కుర్చీ తీయలేదు, మనుషులను తీశారు. ఆయన చేతిలోని స్పీకర్లో ఒక మోత, గోడ అవతల ఒక మోత. రెండూ కలిసి మోగుతున్నాయి. అందరం వింటూ కూర్చున్నాం.

"ఎవరూ ఎత్తరేం?" అన్నారు.

"ఎత్తేవాళ్లను మీరే పంపించేశారు సార్."

మోగీ మోగీ ఆ మోత ఆగింది, యంత్రం మళ్లీ మొదటికి వెళ్లింది. వెంటనే వీణ మళ్లీ మొదలైంది. ఆయన గబుక్కున ఫోన్ బోర్లా పెట్టారు. బోర్లా పెట్టినా మాట్లాడుతూనే ఉంది.

ఆ తర్వాత సేఫ్టీ రూమ్‌కు నేరు నంబరు వచ్చింది. మధ్యలో యంత్రం లేదు, కామా లేదు. డ్రైవర్లందరి ఫోన్లలో పాతది చెరిపి కొత్తది నేనే పెట్టాను. అందరికీ కనపడేలా బస్సుల, క్యాబుల అద్దాల మీద కూడా అంటించాం. దాన్ని ప్రసాదరావు గారు తన నవకల్పనగా ప్రకటించారు. ఆ ఫోన్‌కు రిబ్బన్ కట్టి కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు దిగారు. కొబ్బరినీళ్లు ఫోన్ మీద పడితే మాధవి చున్నీతో తుడిచింది. కెమిస్టుకు హెచ్చరిక ఇచ్చి ఊరుకున్నారు. రేణుకను పిలవలేదు. వైద్యం చేయించిన కాంట్రాక్టరు ఆ చేత్తో ఆమె ఇక గిన్నెలు కడగలేదంటూ పనిలోంచి తీసేశాడు. నేను జీఎం గారి దగ్గరకు వెళ్లి అడిగితే, ఆమె మా ఉద్యోగి కాదన్నారు. మా యాసిడ్ పడే దాకా మా మనిషే, పడ్డాక కాంట్రాక్టరు మనిషి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. యంత్రాన్ని తిట్టకండి. కామా పెట్టమంటే కామా దగ్గర ఆగుతుంది, వెయిట్ అంటే వెయిట్ చేస్తుంది. దానికి అబద్ధం చెప్పడం రాదు. మీరు అమర్చే ప్రతి స్వాగతాన్నీ ముందు మీరే బయటినుంచి ఫోన్ చేసి, పక్కన ఎవరో ఏడుస్తున్నారనుకుని వినండి. అలా వినలేకపోతే కోసేయండి. ఎవరి గొంతైనా సరే కోసేయండి.

శామీర్‌పేటలో

రిటైరయ్యే ముందు ఒక ఆదివారం రేణుకను చూడటానికి వెళ్లాను. ఇంటి ముందు భర్త వల చిక్కులు తీస్తున్నాడు. ఆమె ఎడమచేత్తో టీ పోసి ఇచ్చింది. కుడిచెయ్యి కొంగు చాటున ఉంచుకుంది. కాసేపటికి తనే మరచిపోయి బయటికి తీసింది.

వచ్చిన పని చెప్పాను. సేఫ్టీ రూమ్‌కు ఇప్పుడు నేరు నంబరు ఉంది, ఆమె ఫోన్లో పెడతానని.

"నాకెందుకు మేడం? నన్ను తీసేసిండ్రు గదా" అంది.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఏదో ఆలోచించి లోపలినుంచి ఫోన్ తెచ్చింది.

"పెట్టుండ్రి మేడం. నా జాగల ఇప్పుడు మా యారాలు వోతాంది. గదే తొట్టి కాడ. ఇంటికొచ్చినంక దాని చెయ్యి మండిందంటే నేనే చెయ్యాలె గదా."

అన్నదమ్ముల భార్యలు. ఒకరి వేలు పోయిన చోట ఇంకొకరు నిలబడ్డారు. నేను నంబరు దాచి, ఆమె అడిగినట్టే "సేఫ్టీ" అని పేరు పెట్టాను. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని నన్ను చూసింది.

"ఒకపారి చేసి చూడాల్నా?"

"చెయ్యి."

నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. పెట్టుకుంటూనే ఉంది, అవతల ఎత్తేశారు. మాధవి గొంతు నాకూ వినపడింది. "సేఫ్టీ రూమ్. చెప్పండి."

రేణుక ఉలిక్కిపడింది. అంత తొందరగా మనిషి పలుకుతుందనుకోలేదు. ఏం చెప్పాలో తోచక నా వైపు చూసింది, భర్త వైపు చూసింది.

"ఏం లేదమ్మా" అంది. "ఎత్తుతరో ఎత్తరో అని చూసిన."

మాధవి ఆ గొంతు గుర్తుపట్టి నెమ్మదిగా అంది.

"రేణుకా? ఎత్తుతాం."